కంపెనీ మారింది, నంబర్ మారలేదు: మధ్యలో ఏం జరుగుతుంది?

'విలీనం' అనే మాట వింటే మనకు ముందు బ్యాంకులు, రాజకీయ పార్టీలు గుర్తొస్తాయి. కానీ మన ఇంట్లో అందరి జేబుల్లోకీ నేరుగా వచ్చిన విలీనాలు ఫోన్ కంపెనీలవి. మూడు తారీఖులు చూడండి. 2018 మే 14న టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది. అదే ఏడాది ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. 2019 జులై 1న టాటా డొకొమో మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లోకి వెళ్లింది. మొత్తం పద్నాలుగు నెలలు కూడా కాలేదు.

అప్పట్లో కరీంనగర్‌లో మా నానమ్మది టెలినార్ సిమ్. వార్త విని ఆమె అడిగింది ఒకటే: "టెలినారోడు దుకాణం బంద్ వెట్టిండట గదా, మరి నా నంబర్ ఏమైతది బిడ్డా?" ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఇప్పుడు సీఎస్ఈ రెండో ఏడాదిలో ఉన్నాను కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు రాస్తున్నా. నా చదువంతా ఇంగ్లీష్ మీడియమే, తెలుగు ఎక్కడైనా తేడా కొడితే క్లబ్ వాళ్లు సర్దుకోవాలి.

చాలామంది నంబర్ సిమ్‌లో ఉంటుందనుకుంటారు. అసలు లెక్క వేరే. సిమ్ తన గుర్తింపుగా చూపించేది ఐఎంఎస్ఐ అనే సంఖ్య. సాధారణంగా 15 అంకెలుంటాయి. మొదటి మూడు దేశానివి (మనకు 404 లేదా 405), తర్వాతివి కంపెనీకి, సర్కిల్‌కి. మనం పక్కవాళ్లకు ఇచ్చే పది అంకెల నంబర్ కంపెనీ డేటాబేస్‌లో ఈ ఐఎంఎస్ఐ పక్కన రాసి ఉంటుంది. ఆ డేటాబేస్ పేరు హెచ్‌ఎల్‌ఆర్. డీబీఎంఎస్ ల్యాబ్ చేసినవాళ్లకు వెంటనే వెలుగుతుంది: మన నంబర్ ఒక కాలమ్, అంతే. కంపెనీ అమ్ముడుపోతే ఆ టేబుల్, ఆ నెట్‌వర్క్ కోడ్ రెండూ కొన్నవాడికి వెళ్తాయి. అందుకే ఓనర్ మారిన మర్నాడు కూడా పాత సిమ్ అలాగే పనిచేస్తుంది. నానమ్మ సిమ్ కూడా పనిచేసింది. టాక్‌టైమ్, మిగిలిన వ్యాలిడిటీ కూడా అదే టేబుళ్లతో పాటు వెళ్తాయి. 4జీ కావాలనుకున్నప్పుడో, పాత కోడ్ తీసేసేటప్పుడో కొత్త సిమ్ తీసుకోమంటారు. నంబర్ మాత్రం అదే.

కంపెనీ మూతపడటం వేరు. 2017 డిసెంబర్ 1 నుంచి రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాయిస్ కాల్స్ ఆపేసింది. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసింది. ఆ కస్టమర్లు ఎవరికి వాళ్లే పోర్ట్ చేసుకుని బయటపడాల్సి వచ్చింది, అది కూడా పోర్టింగ్ కోడ్ వచ్చేంత సిగ్నల్ ఉంటేనే. ప్రీపెయిడ్‌లో పోర్ట్ అయితే పాత బ్యాలెన్స్ మనతో రాదు. కాబట్టి కస్టమర్ వైపు నుంచి చూస్తే విలీనం మెత్తటి చావు.

ఇక సర్కిల్ సంగతి. కరీంనగర్‌లో సర్కిల్ అంటే టవర్ సర్కిల్, గడియారం, చీరల కొట్లు. టెలికాంలో సర్కిల్ అంటే లైసెన్స్ ఇచ్చే ప్రాంతం. రాష్ట్రం 2014లో విడిపోయినా టెలికాం లైసెన్సులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒకటే సర్కిల్, పేరు కూడా ఆంధ్రప్రదేశే. ఎవరు ఎవరిలో కలవొచ్చన్న లెక్కా ఈ సర్కిల్ వారీగానే చూస్తారు. 2014 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం ఒక సర్కిల్‌లో కలిసిన కంపెనీ వాటా 50 శాతం దాటితే ఏడాదిలోపు తగ్గించుకోవాలి. మన సర్కిల్‌కి విలీనాలు కొత్త కూడా కాదు. ఎయిర్‌టెల్ 1999లో జేటీ మొబైల్స్‌ని కొని ఇక్కడికి వచ్చింది. ఐడియా అన్న పేరు 2002లో వచ్చింది, దాని కింద ఉన్నది ఇక్కడి టాటా సెల్యులార్, బిర్లా ఏటీ అండ్ టీ కలిసిన కంపెనీ.

కొన్నవాళ్లకు కావాల్సింది మన నానమ్మలు మాత్రమే కాదు, స్పెక్ట్రమ్. టెలినార్‌తో ఎయిర్‌టెల్‌కు 1800 బ్యాండ్‌లో 43.4 మెగాహెర్ట్జ్, టాటా నుంచి మూడు బ్యాండ్లలో కలిపి 178.5 మెగాహెర్ట్జ్ వచ్చింది. స్పెక్ట్రమ్ అంటే రోడ్డు వెడల్పు లాంటిది. టౌన్‌లో దీని లాభం కస్టమర్‌కి నిజంగానే తెలుస్తుంది, సాయంత్రం రద్దీలో కూడా డేటా కదులుతుంది.

ఆదిలాబాద్ వైపు లెక్క మారుతుంది. ఉట్నూరు, నార్నూరు, జైనూరు వైపు అడవి ఊళ్లలో జనం రెండు సిమ్‌లు పెట్టుకునేది ఆఫర్ల కోసం కాదు. ఇది పోతే అది పలుకుతుందని. ఒక స్లాట్‌లో ఐడియా, ఇంకో స్లాట్‌లో వొడాఫోన్ పెట్టుకున్నవాడికి విలీనం మొదట్లో లాభమే, ఎందుకంటే రెండు కంపెనీల టవర్లూ వాడుకోవచ్చు. తర్వాత కంపెనీ లెక్కలు చూసుకుంటుంది. ఒకే చోట రెండు సెట్ల పరికరాలు ఎందుకు, కరెంటు బిల్లు రెండుసార్లు ఎందుకు అని ఒకటి తీసేస్తుంది. ఇంజినీరింగ్‌గా అది తప్పు కాదు. కానీ ఆ కస్టమర్ జేబులో రెండు సిమ్‌లు ఉన్నా బ్యాకప్ లేదు, పోతే రెండూ ఒకేసారి పోతయ్. దీని గురించి ఏ కంపెనీ ప్రెస్ నోట్‌లోనూ రాయరు. నాకైతే ఈ మొత్తం కథలో కస్టమర్‌కి జరిగే అసలు నష్టం ఇదే అనిపిస్తుంది. పరిష్కారం చిన్నదే: ఒక సిమ్‌ని ఇంకో కంపెనీకి, అక్కడ టవర్ ఉంటే బీఎస్ఎన్ఎల్‌కి, మార్చుకోవడం.

డబ్బు సంగతికొస్తే, ట్రాయ్ నియమం ప్రకారం మనం చేరిన టారిఫ్ ప్లాన్‌ని ఆరు నెలల్లోపు మనకు నష్టం కలిగేలా మార్చకూడదు. ఓనర్ మారినా ఇది పోదు. ఆ తర్వాత మార్చొచ్చు, మార్చారు కూడా. 2018 చివర్లో ఇన్‌కమింగ్ ఉండాలంటే కనీసం 35 రూపాయల రీఛార్జ్ అనే పద్ధతి వచ్చింది. ముందు స్పష్టంగా చెప్పండి, ఖాతాలో ఉన్న బ్యాలెన్స్‌తోనే ఆ ప్లాన్ కొనే వీలివ్వండి అని ట్రాయ్ అప్పుడు కంపెనీలకు చెప్పింది. 2019, 2021, 2024లో రేట్లు పెరిగాయి. పోటీ తగ్గితే రేటు పెరగడానికి ఎకనామిక్స్ ఎలక్టివ్ అక్కర్లేదు. అయితే అంతకుముందు జియో వచ్చాక నడిచిన రేట్లకు కంపెనీలు మునిగిపోయే స్థితికొచ్చాయన్నదీ నిజమే. విలీనాలు ఆ యుద్ధానికి ఫలితం, కారణం కాదు.

ఇప్పుడు మన జిల్లాలకు అన్నింటికన్నా ముఖ్యమైనది. కరీంనగర్, జగిత్యాల వైపు గల్ఫ్‌కి పోయినవాళ్లు లేని వాడకట్టు ఉండదు. మా వాడకట్టులో ఒక అన్న దుబాయ్‌లో ఉంటాడు. అతని ఇక్కడి నంబర్ బ్యాంకు ఖాతాకి, ఆధార్‌కి లింకై ఉంది. ఫోన్ ఇంట్లో డబ్బాలో పడుండె. కంపెనీ పేరు మారింది, పాత రీఛార్జ్ ప్లాన్ పోయింది, వచ్చిన మెసేజ్‌లు ఎవరూ చూడలే. రెండేళ్ల తర్వాత సెలవు మీద వచ్చేసరికి ఆ నంబర్ వేరేవాళ్లది. ఓటీపీలు ఎవరికో పోతున్నాయి. సెలవులో సగం బ్యాంకు చుట్టూ తిరగడానికే సరిపోయింది.

నియమం ఏంటంటే, ప్రీపెయిడ్ నంబర్‌ని వరసగా 90 రోజులు దేనికీ వాడకపోతే కంపెనీ ఆపేయొచ్చు. ఆ టైమ్‌కి ఖాతాలో బ్యాలెన్స్ ఉంటే 20 రూపాయలకు మించకుండా తీసుకుని నంబర్‌ని నిలపాలి. ఆపేశాక తిరిగి తెచ్చుకోవడానికి 15 రోజుల గడువు ఉంటుంది. ఆపేసిన నంబర్‌ని కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వకూడదు. కాబట్టి గల్ఫ్‌లో మనవాళ్లుంటే ఇంట్లో ఎవరో ఒకరు నెలకోసారి ఆ సిమ్ నుంచి ఒక కాల్ చేయాలి, వ్యాలిడిటీ అయిపోకుండా చూసుకోవాలి. విలీనం వార్త వచ్చిన నెలలో అయితే ఆ డబ్బా తెరిచి మెసేజ్‌లు చదవాల్సిందే.

కొత్త ఓనర్ నచ్చకపోతే పోర్టింగ్ ఉంది. దేశమంతా 2011 జనవరి 20 నుంచి అమల్లో ఉంది. ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, నంబర్ రాసి 1900కి ఎస్సెమ్మెస్ పెడితే కోడ్ వస్తుంది. మన సర్కిల్‌లో అది నాలుగు రోజులు చెల్లుతుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. 2024 జులై 1 నుంచి ఇంకొకటి చేర్చారు: సిమ్ మార్చుకున్న ఏడు రోజుల్లోపు పోర్ట్ కుదరదు. సిమ్ స్వాప్ మోసాల వల్ల పెట్టిన రూల్ అది. కొత్త ఓనర్ ఇచ్చే కొత్త సిమ్ తీసుకుని వెంటనే వేరే కంపెనీకి పోదామనుకునేవాళ్లు ఆ వారం ఆగాలి. ఫిర్యాదు ఉంటే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో నమోదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి, తేలకపోతే అదే కంపెనీ అప్పీల్ అథారిటీకి వెళ్లాలి. ఒక్కో కస్టమర్ ఫిర్యాదుని ట్రాయ్ నేరుగా విచారించదు, అక్కడికి ఉత్తరాలు రాసి టైమ్ పోగొట్టుకోవద్దు.