బంజరు భూమిలో వేళ్ళకు తోడు

పంచాయతీ బంజరులో మొక్కలు నాటుట మనకు క్రొత్త కాదు. అయితే ఒకే నాడు నాటి, ఒకే తీరున నీరు పోసినను, పాత పొదల చెంత నాటినవి నిలిచి, పైమన్ను కోతపడిన వట్టి నేలలోనివి ఎండిపోవుట కద్దు. తేమ, ఎరువుల లోపము ఇందుకొక కారణము. కంటికి కనిపించని శిలీంధ్రముల లోపము మరియొక కారణము.

శిలీంధ్రములనగా బూజు, పుట్టగొడుగుల జాతికి చెందినవి. వీనిలో కొన్ని పైరులకు తెగుళ్ళు కలిగించును. కాని మరికొన్ని వేళ్ళతో పొత్తు కలిపి జీవించును. 1885లో జర్మను వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ ఈ పొత్తునకు 'మైకోరైజా' అని పేరిడెను. 'శిలీంధ్రపు వేరు' అని దాని అర్థము. వెంట్రుకకంటె సన్నని పోగులు, వేరు చొరలేని సందులలోనికి ప్రాకి, భాస్వరమును, కొంత నీటిని తెచ్చి మొక్కకు అందించును. మొక్క తన ఆకులలో తయారైన చక్కెరలో కొంత వానికి ఇచ్చును. భూమిపై నున్న మొక్కల జాతులలో అధిక భాగమునకు ఈ పొత్తు కలదు.

నేల తీరునుబట్టి ఈ పొత్తు మారుచుండును. అనంతపురం ప్రాంతము పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. అచ్చట ఏడాది వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి మెట్ట ప్రాంతములలో అడవి మొక్కలు ఎడముగా, గుంపులు గుంపులుగా పెరుగును. పొద క్రింద ఆకు రాలి కుళ్ళి, తేమ నిలిచి, శిలీంధ్రములు వృద్ధిపొందును. క్రొత్త విత్తు అచ్చటనే సులభముగా నిలద్రొక్కుకొనును. సముద్రతీరపు ఉప్పు నేలల స్థితి వేరు. ఉప్పు మిక్కుటమైనచోట శిలీంధ్రములు సాధారణముగా తగ్గును. ఈ పొత్తుపై అంతగా ఆధారపడని ఇలకూర వంటి మొక్కలు అచ్చట ముందుగా కాలూనును.

తోడు లేనిచో ఏమగునో ప్యూర్టోరికో ద్వీపము చాటినది. అచ్చట 1930ల నుండి నాటిన దేవదారు జాతి పైను మొక్కలు పలుమారులు నశించెను. 1955లో అమెరికాలోని నార్త్ కరోలినా నుండి పైను చెట్ల క్రింది మన్ను తెచ్చి కలిపిన పిమ్మట అవి ఏపుగా పెరిగెను.

దీనినిబట్టి పంచాయతీ సభ్యులు గమనింపదగిన విషయములివి:

1. ఏ జాతి మొక్కను పెంచదలచితిరో, ఆ జాతికే చెందిన ఆరోగ్యవంతమైన పాత చెట్టు క్రింద, జానెడు లోతులోపలి మన్నును సన్నని వేళ్ళతో కూడ తీసి, నర్సరీ సంచులలో పిడికెడు చొప్పున కలుపవలెను. తెగులు సోకిన చెట్టు మన్ను తేరాదు.

2. గుంత త్రవ్వునపుడు పైమన్నును వేరుగా నుంచి, తిరిగి వేరు చుట్టును వేయవలెను.

3. బంజరులోని పొదలను ఊడబెరికి నేలను చదును చేయరాదు. తగులబెట్టరాదు.

4. భాస్వరపు ఎరువు మితిమీరి వేయరాదు. వేసినచో వేళ్ళలో ఈ పొత్తు క్షీణించును.

పిడికెడు మన్ను నీటికి బదులు కాజాలదు. తొలి వేసవిలో నీరు పోయవలసినదే. కాని ఖర్చులేని ఈ జాగ్రత్త వలన, నాటిన మొక్కలలో మరికొన్నియైనను రెండవ వర్షాకాలమును చూడగలవు.