99 లెక్కపెట్టేలోగా...

చేతిలో రూపాయి బిళ్ల. ఎదురుగా నిలువెత్తు చెక్కపెట్టె. అందులో బొమ్మల తెర, కింద ఒక పుల్ల, ఆరు మీటలు. వెనక తమ వంతు ఎప్పుడొస్తుందా అని తొంగిచూసే నలుగురైదుగురు కుర్రాళ్లు. తొంభైల్లో ఉప్పల్, నాచారం వైపు పెరిగినవాళ్లను వీడియోగేమ్ పార్లర్ ఎలా ఉండేదని అడిగితే చాలామంది ఇలాగే చెబుతారు. ట్యూషన్‌కని చెప్పి దూరిపోయేదీ అక్కడికే, నాన్న కంటపడితే వీపు విమానం మోత మోగేదీ అందుకే!

ఆ పెట్టెల్లో రెండు ఆటలకు గిరాకీ ఎక్కువ. ఒకటి 'ముస్తఫా'. దాని అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని చాలామందికి పెద్దయ్యాకే తెలిసింది. రెండోది 'స్ట్రీట్ ఫైటర్ 2'. జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 1991లో తెచ్చిన ఈ ఆటలో ఎనిమిదిమంది వీరులుంటారు. మనం ఒకరిని ఎంచుకుని మిగతావాళ్లతో తలపడాలి. ర్యూ, కెన్, చున్ లీ... ఆ వరసలోనే మనవాడూ ఉన్నాడు. పేరు ధాల్సిమ్. బక్కపలచని యోగి. చేతులూ కాళ్లూ రబ్బరులా సాగుతాయి. నోట్లోంచి నిప్పులు కక్కుతాడు. మెడలో పుర్రెల దండ. వెనక వరసగా ఏనుగులు ఘీంకరిస్తుంటాయి.

ఇంతకీ ఈ యోగికి కొట్లాటతో ఏం పని? ఆ పుర్రెలు ఎవరివి? అంటువ్యాధికి బలైన తన ఊరి పిల్లలవట. పేదరికంలో ఉన్న ఆ ఊరి కోసం డబ్బు సంపాదించడానికే అతను పోటీలకు దిగాడట. ఆటను తయారుచేసినవాళ్లు రాసుకున్న సంగతులివి. రూపాయి బిళ్ల వేసి మీటలు నొక్కేవాడికి అవెక్కడ తెలుస్తాయి? తెర మీది గడియారం 99 నుంచి వెనక్కి లెక్కపెడుతుంటే కథ అడిగే తీరికెవరికి!

సరిగ్గా ఇక్కడే చిక్కొచ్చిపడింది, ఆ ఆటల్ని 'యానిమే'లుగా తీయాలనుకున్నవాళ్లకు. యానిమే అంటే జపాన్‌వాళ్ల కార్టూన్ చిత్రాలు. ఆటలో కొట్లాటే సర్వస్వం. ఆడేవాడి వేలు మీట మీద ఉంటుంది కాబట్టి ప్రతి దెబ్బా తనదే. అదే కొట్లాటను కుర్చీలో కూర్చుని చూడమంటే పది నిమిషాలకే ఆవలింత వస్తుంది. ఎవరు గెలిస్తే మనకేంటి?

నాచారంలో తెలిసిన కిటుకే

ఈ ప్రశ్నకు జవాబు నాచారానికి కొత్త కాదు. ఎన్టీఆర్ రామకృష్ణా సినీ స్టూడియోను కట్టింది ఇక్కడే. ఆ సంస్థ పేరు మీద 1977లో ఆయన తీసిన 'దానవీరశూర కర్ణ' దాదాపు నాలుగు గంటల సినిమా. కర్ణుడి రథచక్రం కుంగే ఘడియ కోసం ప్రేక్షకుడు అంతసేపూ కూర్చున్నాడంటే, అంతకుముందే కర్ణుడి పుట్టుకా, అవమానాలూ, స్నేహం అన్నీ చూశాడు కాబట్టే. అంతెందుకు... తోలుబొమ్మలాటనే తీసుకోండి. తెర మీద ఇటో బొమ్మ, అటో బొమ్మ. రెండూ పక్కకు తిరిగి ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటాయి. చూడ్డానికి అచ్చం స్ట్రీట్ ఫైటర్ తెరే! కానీ అక్కడ పద్యం, మాట, కేతిగాడి వెటకారం అయ్యాకే గద లేస్తుంది.

జపాన్‌వాళ్లు మొదట్లో దగ్గరి దారి పట్టారు. ఎస్ఎన్‌కే సంస్థ ఆట 'ఫేటల్ ఫ్యూరీ'ని 1992లో టీవీ కోసం యానిమేగా తీశారు. చిన్నప్పుడు కళ్లముందే తండ్రిని చంపిన విలన్ మీద కొడుకు పెద్దయ్యాక పగ తీర్చుకోవడం... ఇదీ కథ. తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? అయినా జనం చూశారు. 1993లో ఒక భాగం, 1994లో సినిమా వచ్చాయి.

అసలు పేరు తెచ్చింది మాత్రం 1994 ఆగస్టులో జపాన్‌లో విడుదలైన 'స్ట్రీట్ ఫైటర్ 2' యానిమే సినిమా. దర్శకుడు గిసబురో సుగీ. అంతకుముందు 1985లో 'నైట్ ఆన్ ది గెలాక్టిక్ రైల్‌రోడ్' అనే నెమ్మదైన, దిగులు నిండిన సినిమా తీసినాయన. కొట్లాట సినిమాకు ఆయనేంటీ అనిపిస్తుంది కానీ, ఆ నెమ్మదే ఇక్కడ పనికొచ్చింది. దెబ్బలు నిజంగా ఎలా పడతాయో చెప్పడానికి కె-1 పోటీలను మొదలుపెట్టిన కజుయోషి ఇషీనీ, ఆ పోటీల వీరుడు ఆండీ హగ్‌నీ పిలిపించారు. సినిమా మొదట్లోనే చీకట్లో, ఉరుముల మధ్య, గాలికి ఊగే గడ్డిలో ర్యూ, సగత్ ఎదురెదురుగా నిలబడతారు. దెబ్బ పడేముందు గాలినీ, గడ్డినీ, కళ్లనూ చూపిస్తారు. పార్లర్లో లేనిది సరిగ్గా అదే... ఎదురుచూపు.

అమ్మానాన్నలకు ఓ మాట. బొమ్మల సినిమానే కదా అని దీన్ని చిన్నపిల్లల ముందు పెట్టేరు! చున్ లీ పోరాటంలో రక్తం బాగానే పారుతుంది. దానికి ముందొచ్చే స్నానం సన్నివేశం పెద్దలకు తగ్గదే.

అదే ఏడాది డిసెంబరులో హాలీవుడ్ కూడా ఈ ఆటను మనుషులతో సినిమాగా తీసింది. హీరో జాన్ క్లాడ్ వాన్ డామ్. అందులో ధాల్సిమ్‌ను విలన్ చెరలోని శాస్త్రవేత్తను చేశారు! ఆ పాత్ర వేసిందెవరో తెలుసా? 'గాంధీ' సినిమాలో నెహ్రూగా నటించిన రోషన్ సేథ్. సాగే చేతులు లేవు, ఊరూ లేదు. యోగికి తెల్లకోటు తొడిగితే ఇక అతనిలో మిగిలేదేముంది? యానిమే సినిమా కూడా మనవాడికి పెద్దగా న్యాయం చేసిందని చెప్పలేం. జపాన్ సుమో వీరుడు హోండాతో చిన్నపాటి పోరాటం ఇచ్చి ఊరుకుంది.

గురువుగారి ఇంటికి...

మనవాడికి మర్యాద దక్కింది మరుసటి ఏడాది. 1995లో జపాన్ టీవీలో 'స్ట్రీట్ ఫైటర్ 2 వి' మొదలైంది. 29 ఎపిసోడ్లు. దర్శకుడు సుగీయే. ఇందులో ర్యూ, కెన్ మహావీరులేం కాదు, పదిహేడేళ్ల కుర్రాళ్లు. తమంత మొనగాళ్లు లేరనుకుని అమెరికాలో గైల్ అనే సైనికుడితో గొడవపడతారు. చావుదెబ్బలు తింటారు. లోకంలో ఇంకెంతమంది బలవంతులున్నారో చూద్దామని మూటాముల్లె సర్దుకుని బయల్దేరతారు. హాంకాంగ్, థాయ్‌లాండ్, ఆ తర్వాత భారతదేశం. ఇక్కడ వెతుక్కుంటూ వెళ్లేది ధాల్సిమ్ దగ్గరికే, లోపలి శక్తిని కూడగట్టుకునే విద్య చెప్పమని!

పార్లర్లో పుల్ల అటూఇటూ తిప్పి మీట నొక్కితే ర్యూ అరచేతుల్లోంచి 'హడోకెన్' అనే వెలుగుముద్ద దూసుకొస్తుంది. 'ఆడూకెన్' అంటూ పిల్లలు గొంతు చించుకునేది దానికే. యానిమేలో అదే వెలుగు కోసం ర్యూ ఎపిసోడ్లకు ఎపిసోడ్లు తిరగాలి, ఓడాలి, గురువు ముందు తలొంచాలి. పార్లర్లో నవ్వులపాలైన బక్క యోగి ఇక్కడ విద్య చెప్పే పెద్దమనిషి. బొమ్మలు కొన్నిచోట్ల నాసిగా ఉంటాయి, సాగదీత కూడా తక్కువేం కాదు. అయినా ఈ ఒక్క మార్పు చాలు, దీన్ని ఇప్పటికీ చూడొచ్చు అనడానికి.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. 1994 సినిమా చివర్లో ర్యూ, కెన్ కలిసి విలన్‌ను ఎదుర్కొంటారు కదా... అది క్యాప్‌కామ్‌కు ఎంత నచ్చిందంటే, 1995లో తెచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా'లో ఇద్దరు ఆటగాళ్లు కలిసి ఆ విలన్‌తో పోరాడే వీలు పెట్టింది. ఆట నుంచి సినిమాకు, సినిమా నుంచి మళ్లీ ఆటకు!

అందరికీ ఆ తెలివిడి లేదు. 1998లో వచ్చిన 'టెక్కెన్' యానిమే అందుకు సాక్ష్యం. కన్నతండ్రే కొడుకును కొండ మీంచి తోసేశాడన్న గట్టి కథ చేతిలో ఉంది. కానీ ఆటలోని బోలెడుమందిని గంటలో చూపించేయాలన్న ఆత్రంలో ఎవరూ గుర్తుండకుండా పోయారు. పెళ్లి ఫొటోలో చుట్టాల్లా అందరూ ఉన్నారు, అంతే. ఆ తప్పు దిద్దుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'టెక్కెన్: బ్లడ్‌లైన్' ఆరు ఎపిసోడ్లే. జిన్ అనే ఒక్క కుర్రాడినే పట్టుకుంది. తల్లిని పోగొట్టుకుని తాత పంచన చేరతాడు. ఆ తాత మంచివాడు కాదు. మనవడికి విద్య నేర్పుతున్నాడా, ఆయుధంగా నూరుతున్నాడా అన్న అనుమానంతోనే కథ నడుస్తుంది. తాతలూ మనవళ్లూ ఒకే సోఫాలో కూర్చునే ఇళ్లలో ఈ సంగతి ఇట్టే తగులుతుంది.

ఇప్పుడు యానిమే తెలుగులోనూ మాట్లాడుతోంది. 1993లో జపాన్‌వాళ్లు మనవాళ్లతో కలిసి తీసిన రామాయణం యానిమే 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకొచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా కూడా. ఇక బొమ్మల తయారీకి హైదరాబాద్ పెట్టింది పేరు. 2008లో మొదలైన 'ఛోటా భీమ్' ఇక్కడి గ్రీన్‌గోల్డ్ సంస్థదే. లడ్డూ తిని కొట్టే ఆ భీముడూ ఒకరకంగా వీధి వీరుడే. అయితే ధాల్సిమ్ కథను పూర్తిగా అతని వైపు నుంచి చెప్పిన యానిమేను ఇప్పటిదాకా ఎవరూ తలకెత్తుకోలేదు. ఆ ఊరూ, ఆ పిల్లలూ, సంపాదన కోసం కొట్టాల్సిరావడం అహింసను నమ్మే మనిషిని ఎంత కుదిపేస్తుందో... ఎంత కథ ఉంది అందులో! ఇంట్లో అతనికి భార్య ఉంది, దత్త అనే కొడుకున్నాడు. ఆట రాసినవాళ్లు పేర్లతో సహా ఇచ్చారు.

హాలీవుడ్ మరోసారి తీస్తున్న స్ట్రీట్ ఫైటర్‌లో ధాల్సిమ్ పాత్రకు విద్యుత్ జామ్వాల్‌ను తీసుకున్నట్టు 2025లో ప్రకటించారు. కలరి నేర్చిన నటుడు కాబట్టి ఈసారి తెల్లకోటు తొడగరనే అనుకోవాలి. ఆటలో మాత్రం అతను ఎప్పట్నుంచో పెద్దరికం తెచ్చుకున్నాడు. 2023లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 6'లో తలపాగా చుట్టి, తెల్లగడ్డంతో కనిపిస్తాడు. ఏనుగుల ముందు నిలబడిన ఆనాటి యోగికి ఇప్పుడు తన పేరుతో ఓ గుడే ఉంది. పుర్రెలు మాత్రం మెడలో అలాగే ఉన్నాయి.