రెండు భాషల బడి



పిల్లవాణ్ణి ఇంగ్లీషు బడిలో వేసిన రోజునుంచీ మన ఇళ్లల్లో ఒక చర్చ మొదలవుతుంది. ఇకమీదట వాడితో ఇంట్లోకూడా ఇంగ్లీషే మాట్లాడాలా? రెండు భాషలూ ఒక్కసారే నెత్తిన పెడితే రెంటికీ చెడ్డ రేవడి అయిపోడుగదా? ఈ సందేహం మనకొక్కళ్లకే వచ్చింది కాదు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే తల్లులు తరాల తరబడి ఇదే ప్రశ్నతో సతమతమయ్యారు. అక్కడి ప్రాథమిక పాఠశాలలు కొన్ని దానికొక జవాబు కనిపెట్టాయి. ఒకే తరగతిలో, ఒకే పిల్లలకి, కొంత చదువు స్పానిష్‌లోనూ కొంత చదువు ఇంగ్లీషులోనూ చెప్పడమే ఆ జవాబు. ఆ బడులు ఎలా పుట్టాయి, ఎలా నడుస్తాయి, వాటివల్ల పిల్లలకి ఒరిగిందేమిటి అన్న సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

అమెరికాలో స్పానిష్ అంటే నిన్నగాక మొన్న వలస వచ్చినవాళ్ల భాష అనుకుంటాం. నిజానికి కాలిఫోర్నియా, న్యూ మెక్సికోలాంటి ప్రాంతాలు 1848 వరకూ మెక్సికో దేశంలోవే. టెక్సస్ కూడా ఒకప్పుడు దానిదే. సరిహద్దు గీత మారింది గానీ ఇళ్లల్లో భాష మారలేదు. బడి మాత్రం ఆ భాషని గడప తొక్కనివ్వలేదు. ఇంగ్లీషులో తప్ప మరో భాషలో పాఠం చెప్పడం నేరమని 1918లో టెక్సస్ రాష్ట్రం చట్టమే చేసింది. ఆటస్థలంలో స్పానిష్ మాట నోరు జారితే పిల్లలకి దెబ్బలు పడేవి.

అదే రాష్ట్రంలో మార్ఫా అనే చిన్న ఊళ్లో బ్లాక్‌వెల్ అనే బడి వుండేది. మెక్సికన్ సంతతి పిల్లలకోసం విడిగా పెట్టిన బడి అది. 1954లో అక్కడి పిల్లలచేత, ఇకమీదట స్పానిష్ మాట్లాడబోమని కాగితం ముక్కలమీద రాయించి, ఒక పెట్టెలో పెట్టి, జెండాకర్ర దగ్గర గొయ్యి తీసి పూడ్చిపెట్టారు. స్పానిష్ దొరగారికి అంత్యక్రియలన్నమాట! అమ్మ జోలపాట పాడిన భాషని ఆ పసివాళ్లు తమ చేతులతో పాతిపెట్టి ఇంటికెళ్లారు. అమ్మ మాట్లాడే మాట తప్పని బడి చెప్పాక, ఇంట్లో అమ్మ దగ్గర ఆ బిడ్డ నోరెలా విప్పుతుంది? అలా దెబ్బలు తిన్నవాళ్లలో చాలామంది పెద్దయ్యాక తమ పిల్లలకి స్పానిష్ నేర్పనేలేదు. తమకు పట్టిన గతి పిల్లలకి పట్టకూడదని భయం. దాంతో అమ్మమ్మకీ మనవలకీ మధ్య మాటే కరువైంది. ఈ చరిత్ర మరుగున పడకూడదని ఆ బడిని జాతీయ చారిత్రక స్థలం చెయ్యడానికి 2022లో చట్టం చేశారు.

ఈ పరిస్థితిలో మొదటి మార్పు ఫ్లోరిడా రాష్ట్రంలో మయామీ నగరంలో వచ్చింది. క్యూబాలో 1959లో విప్లవం జరిగాక వేలాది కుటుంబాలు అక్కడికి తరలివచ్చాయి. తొందరలోనే తమ దేశానికి తిరిగి వెళ్లిపోతామని వాళ్ల ఆశ. పిల్లలు స్పానిష్ మరిచిపోతే ఎలాగని బెంగ. వలస వచ్చినవాళ్లలో చదువు చెప్పిన అనుభవం వున్న పంతులమ్మలూ వున్నారు. ఇవన్నీ కలిసివచ్చి, ఫోర్డ్ ఫౌండేషన్ ధనసహాయంతో 1963లో కోరల్ వే అనే ప్రాథమిక పాఠశాలలో రెండు భాషల చదువు ప్రారంభించారు. క్యూబా పిల్లలూ, ఇంగ్లీషు పిల్లలూ ఆ బడిలో చేరారు. రోజులో ఒక పూట ఎవరి భాషలో వాళ్లకి పాఠాలు, రెండో పూట అవతలివాళ్ల భాషలో. ఆటలకీ, పాటలకీ, బొమ్మలు వెయ్యడానికీ అందరూ కలిసేవారు. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, క్యూబా పిల్లలు ఇంగ్లీషు నేర్చుకున్నట్టే ఇంగ్లీషు పిల్లలు స్పానిష్ నేర్చుకున్నారు. ఒకళ్లది ఎక్కువ భాష, ఒకళ్లది తక్కువ భాష అన్న మాట ఆ తరగతిలో లేదు.

తరవాత 1968లో ద్విభాషా విద్యా చట్టం వచ్చింది. దానిమీద సంతకం చేసిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్, కుర్రతనంలో 1928లో టెక్సస్‌లోని కటులా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లలకి పాఠాలు చెప్పినవాడే. 1974లో సుప్రీంకోర్టు మరో మంచి మాట చెప్పింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనా పిల్లల తరపున వచ్చిన కేసు అది. అర్థంకాని భాషలో అందరికీ ఒకే పుస్తకం, ఒకే పాఠం ఇచ్చి సమానంగా చూశామంటే కుదరదని కోర్టు తేల్చింది.

అయితే ఇల్లలకగానే పండగ కాదుగదా! చాలా బడుల్లో రెండుమూడేళ్లు మాత్రం ఇంటి భాష వాడి, ఇంగ్లీషు పట్టుబడగానే దాన్ని తీసి పక్కన పెట్టేవారు. గోడ కట్టేదాకా నిలిపి తరవాత విప్పేసే పరంజాలాగ అన్నమాట. మనం చెప్పుకుంటున్న రెండు భాషల బడి అలాంటిది కాదు. ఇందులో స్పానిష్ అయిదో తరగతిదాకా ఇంగ్లీషు పక్కనే వుంటుంది.

ఇలాంటి బడులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో చిన్నతరగతిలో నూటికి తొంభైపాళ్లు స్పానిష్, పదిపాళ్లు ఇంగ్లీషు. ఏడాదికేడాది ఇంగ్లీషు పెంచుకుంటూ పోయి, నాలుగైదు తరగతులకి సగం సగం చేస్తారు. రెండో రకంలో మొదటినుంచీ సగం సగమే. కొన్నిచోట్ల పూటకొక భాష, కొన్నిచోట్ల రోజుకొక భాష, మరికొన్నిచోట్ల లెక్కలు ఒక భాషలో, సైన్సు ఒక భాషలో. తరగతిలో పిల్లలు కూడా వీలైనంతవరకూ సగంమంది స్పానిష్ ఇళ్లవాళ్లు, సగంమంది ఇంగ్లీషు ఇళ్లవాళ్లు వుండేటట్టు చూస్తారు. స్పానిష్ పిల్లనీ ఇంగ్లీషు పిల్లనీ జంటగా కూర్చోబెడతారు. స్పానిష్ గంటలో మొదటి పిల్ల రెండోదానికి సాయం, ఇంగ్లీషు గంటలో రెండోది మొదటిదానికి.

మరి అర్థంకాని పిల్లలకి టీచరు రెండో భాషలో తర్జుమా చేసి చెబుతుందా? చెప్పదు. ఎందుకంటే, ఎలాగూ తరవాత నా భాషలో చెబుతుందిలే అని పిల్ల చెవి మూసుకుని కూర్చుంటుంది. అందుకని బొమ్మలతో, అభినయంతో, వస్తువులు చేతికిచ్చి అర్థమయ్యేటట్టు చేస్తారు. గింజ నాటే పాఠమైతే మట్టీ, గింజా, నీళ్లూ ముందు పెట్టుకునే చెబుతారు. మనం చంటిపిల్లకి మాటలు నేర్పేది ఇలాగేగదా! అన్నం చూపించి అన్నం అంటాం, చందమామని చూపించి చందమామ అంటాం.

ఇంకో సౌలభ్యం వుంది. స్పానిష్‌లో అచ్చులు అయిదే, వాటి పలుకు మారదు. మన తెలుగులాగే ఇంచుమించు రాసినట్టే చదవచ్చు. ఇంగ్లీషు అలా కాదని మీకు తెలుసు. స్పానిష్ ఇంటి పిల్ల తనకి తెలిసిన మాటల్తో, పలుకు తప్పని అక్షరాలతో చదవడం పట్టుకుంటే, ఆ విద్య ఇంగ్లీషుకీ పనికొస్తుంది. అక్షరం నుంచి మాట, మాట నుంచి అర్థం తీసే ఒడుపు మళ్లీ మొదటినుంచి నేర్వక్కరలేదు. పైగా లాటిన్ నుంచి వచ్చిన మాటలు రెండిట్లోనూ వున్నాయి. ఇంగ్లీషు హాస్పిటల్ స్పానిష్‌లో ఒస్పితాల్, ఫామిలీ అక్కడ ఫమీలియా. తెలుగు పుస్తకం హిందీలో పుస్తక్ అయినట్టే.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. సగం రోజు స్పానిష్‌కి పోతే ఇంగ్లీషు వెనకబడదా అని. మొదటి రెండుమూడేళ్లు వెనకబడినట్టు కనిపించవచ్చు. అప్పుడే తల్లులు బెదిరిపోయి పిల్లల్ని మానిపిస్తారు. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో స్పానిష్‌తోపాటు మరికొన్ని భాషలతోనూ ఇటువంటి బడులున్నాయి. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కావడంతో అక్కడ చీట్లువేసి పిల్లల్ని చేర్చుకుంటారు. చీటీ వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చిచూసిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. రెండు భాషల్లో చదివిన పిల్లలు ఇంగ్లీషు చదవడంలో అయిదో తరగతికి సుమారు ఏడు నెలల చదువంత, ఎనిమిదో తరగతికి సుమారు తొమ్మిది నెలల చదువంత ముందున్నారు. లెక్కల్లోనూ, సైన్సులోనూ నష్టమేమీ కనిపించలేదు.

కెనడాలో జిమ్ కమ్మిన్స్ అనే ఆచార్యుడు 1979లో చెప్పిన విషయం కూడా తల్లులు గుర్తుంచుకోవాలి. ఆటల్లో మాట్లాడే భాష వేరు, పాఠం అర్థం చేసుకునే భాష వేరు అన్నాడాయన. మొదటిది రెండేళ్లలో వచ్చేస్తుంది. రెండోది వంటబట్టడానికి అయిదేళ్లు, ఏడేళ్లు పడుతుంది. పిల్ల గడగడా ఇంగ్లీషు మాట్లాడేస్తోందని మురిసిపోయి ఇంటి భాష మానిపిస్తే, పాఠం అర్థంకానప్పుడు దానికి వున్న ఆసరా కూడా పోతుంది.

ఇలాగని అంతా సవ్యంగా జరిగిపోయిందనుకోకండి. కాలిఫోర్నియాలో 1998లో ఓటర్లే ఇటువంటి చదువుని చాలావరకూ అడ్డుకున్నారు. మళ్లీ 2016లో ఆ ఓటర్లే ఆ అడ్డు తొలగించారు. రెండు భాషల్లోనూ పాఠం చెప్పగల టీచర్లు దొరకడం కష్టం. మరో చిక్కు చూడండి. ఈ బడులకి పేరు రాగానే కలిగిన ఇంగ్లీషు కుటుంబాలు సీట్లకోసం పోటీ పడుతున్నాయి. స్పానిష్ పిల్లలు ఇంగ్లీషు పిల్లలకి భాష నేర్పే పనిముట్లుగా మారిపోతారేమో చూసుకోమని గ్వాదలూపే వాల్దేస్ అనే విదుషీమణి 1997లోనే హెచ్చరించింది. ఎవరికోసం బడి పుట్టిందో వాళ్లే వెనకబెంచీలో కూర్చుంటే ఇక లాభమేముంది?

మన తెలుగు కుటుంబాలు కూడా అమెరికాలో ఈ బడుల గురించి ఆలోచిస్తున్నాయి. మీ కూతురో కోడలో ఫోనులో అడిగితే ఈ మాట చెప్పండి. పిల్లకి స్పానిష్ రావడం మంచిదే. కాని ఆ బడిలో తెలుగుకి పూట లేదు, ఆ పూట ఇంట్లోనే వుండాలి. 2007లో మొదలైన మనబడిలాంటివి వారానికోసారి అక్షరాలు నేర్పుతాయి గాని, రోజూ అన్నం పెడుతూ చెప్పే కబుర్లు అమ్మే చెప్పాలి. కుదిరితే వీడియోలో మీరు చెప్పాలి.

ఇక ఇక్కడి సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020 తరవాత ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు వున్న పుస్తకాలు ఇచ్చారు. మంచి ఆసరానే. కాని పుస్తకంలో చోటివ్వడంతో సరిపోదు, రోజులో కొంత సమయం కూడా ఆ భాషకి విడిగా వుండాలన్నది అమెరికా బడులు నేర్పిన పాఠం. మీ పిల్ల బడిలో తెలుగుకి వారానికెన్ని గంటలు, ఎన్నో తరగతిదాకా, తెలుగు మాట్లాడితే జరిమానాలాంటివి వున్నాయా అని టీచర్ని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. ఇంట్లో మీకు బాగా వచ్చిన భాషలోనే పిల్లతో మాట్లాడండి. కథ చెప్పండి, ఎందుకూ ఏమిటీ అని అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పండి. మనకి అంతంతమాత్రం వచ్చిన ఇంగ్లీషుతో ముక్తసరిగా ముగించేకంటే, నిండుగా వచ్చిన తెలుగులో పదిమాటలు చెబితే పిల్లకి ఆలోచన పెరుగుతుంది. ఆ ఆలోచన ఇంగ్లీషు పాఠానికీ అక్కరకొస్తుంది.

ఈ రాత్రి పిల్ల బడి పుస్తకం తెరిచినప్పుడు, ఇవాళ సైన్సులో ఏం చెప్పారో నాకు తెలుగులో చెప్పవే అని అడిగి చూడండి. చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే. చెప్పలేకపోతే ఇద్దరూ కలిసి మళ్లీ చదవండి. సెలవు.