సిగ్గుతో ఆలస్యం చేయకండి

కాలికి ముల్లు గుచ్చుకుంటే వెంటనే డాక్టరుకు చూపిస్తాం. పురుషాంగానికి ఏదైనా బిగుసుకుంటే మాత్రం చాలామంది ఎవరికీ చెప్పరు. మూత్రం ఆగిపోయాకే బయటపెడతారు. ఆ ఆలస్యమే ప్రమాదం. ఇది కొత్త సమస్య కాదు. వైద్య గ్రంథాలలో 1755 నుండే ఇటువంటి కేసులు ఉన్నాయి.

ఎవరికి వస్తుంది?
కొందరు ఉంగరం, నట్టు, సీసా మూతి వంటివి తొడుగుకుంటారు. అవి తిరిగి రావు. మంచం పట్టినవారికి, నడుము దెబ్బతిని కాళ్లు పడిపోయినవారికి మూత్రం కారకుండా ఇంటివారే దారమో, రబ్బరు బ్యాండో కడతారు. స్పర్శ లేనివారికి నొప్పి తెలియదు. కనుక రోజూ మీరే చూడాలి.

లోపల ఏమి జరుగుతుంది?
చెరువులోకి నీరు వస్తూనే ఉండి, తూము మూసుకుపోతే ఏమవుతుంది? ఇక్కడా అంతే. రక్తం లోపలికి వస్తుంది, తిరిగి పోలేదు. వాపు పెరిగేకొద్దీ బిగువు పెరుగుతుంది. చివరకు రక్తం రావడమే ఆగి, చర్మం నల్లబడి, భాగం కుళ్లిపోవచ్చు.

మీరు ఏమి చేయాలి?
• వెంటనే 108కి ఫోన్ చేయండి. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు పల్లెల నుండి అనంతపురం రావడానికే చాలా సమయం పడుతుంది. తెల్లవారేదాకా ఆగకండి.
• బలవంతంగా లాగకండి. వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లకండి. బ్లేడుతో కోయకండి.
• మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి.
• ఏమి బిగుసుకుంది, ఎన్ని గంటలైంది అన్నది దాచకుండా చెప్పండి.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు?
నొప్పి తెలియకుండా మందు ఇస్తారు. వాపు తగ్గించి, జెల్లీ రాసి జార్చి తీస్తారు. రాకపోతే కట్టరుతో కోస్తారు. గట్టి ఇనుమైతే చర్మానికి అడ్డుగా రేకు పెట్టి, నీళ్లతో చల్లబరుస్తూ మిషనుతో కోస్తారు. మూత్రం ఆగితే గొట్టం వేస్తారు. అవసరమైతే ధనుర్వాతం రాకుండా ఇంజెక్షను ఇస్తారు. త్వరగా వస్తే చాలామందికి అవయవం పూర్తిగా కోలుకుంటుంది.

ఇది కూడా గుర్తుంచుకోండి
మూత్రపు గొట్టం ఉన్నవారిని శుభ్రం చేసేటప్పుడు వెనక్కి జరిపిన ముందు చర్మాన్ని తప్పక ముందుకు తీసుకురండి. మరచిపోతే అదే ఉంగరంలా బిగుసుకుంటుంది.

రోగిని ఎగతాళి చేయకండి, తిట్టకండి. డాక్టరు, నర్సు అతని సంగతి గుట్టుగా ఉంచుతారు. మీరు ధైర్యం చెప్పి తీసుకురండి, చాలు.