నల్లమల నీలి సాలీడు

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పకళకు పేరుగన్న పట్టణము. అచటి శిల్పికి ఇంకను ముఖము తీర్చని విగ్రహమును చూపి, ఇది ఏ దేవుని మూర్తి యని అడిగినచో అతడు తడబడడు. చేతులలో శంఖచక్రములున్నచో విష్ణువనును, త్రిశూలమున్నచో శివుడనును, వీణ యున్నచో సరస్వతి యనును. అతడు మొదట చూచునది అందమును కాదు, లక్షణమును. ఒక మూర్తిని మరియొక మూర్తినుండి వేరుచేసి చూపు గుర్తునకే లక్షణమని పేరు.

ప్రాణిశాస్త్రజ్ఞుడు చేయు పనియు ఇట్టిదే. అయితే శిల్పికి గల సౌకర్యమొకటి అతనికి లేదు. శిల్పశాస్త్రమున లక్షణములు ముందే వ్రాయబడియున్నవి. ప్రకృతిలో వానిని వెదకి పట్టుకొనవలెను. లక్షణములు తెలిసిన తరువాత కూడ ఆ ప్రాణి నివాసము తెలియకపోవచ్చును. ఆళ్లగడ్డకును నంద్యాలకును తూర్పున గోడవలె నిలిచిన నల్లమల అడవులలోని ఒక సాలీడు విషయమున అట్లే జరిగినది. దానికి పేరు పెట్టుటకు ఒక్క ప్రాణి దొరకుట చాలినది. దాని యిల్లు కనుగొనుటకు మాత్రము నూరేండ్లకు పైగా పట్టినది.

సాలీడును పురుగులలో చేర్చి సాలెపురుగు అనుట లోకవాడుక. శాస్త్రదృష్టిలో అది కీటకము కాదు. చీమను పరిశీలించినచో దాని శరీరము తల, రొమ్ము, ఉదరము అని మూడు భాగములుగా కనబడును. దానికి కాళ్ళు ఆరు. సాలీడునకు తలయు రొమ్మును కలిసి ఒకే భాగము. ఉదరము రెండవ భాగము. కాళ్ళు ఎనిమిది. చీమకున్నట్లు మీసములు దానికి లేవు. ఈ భేదములను బట్టి సాలీడును, తేలును, పిడుదును కలిపి కీటకములకంటె వేరైన ఒక తరగతిగా శాస్త్రజ్ఞులు ఏర్పరచిరి.

జాబుమీద రాష్ట్రము, జిల్లా, మండలము, గ్రామము అని వరుసగా వ్రాసినట్లే, ప్రాణికి కూడ తరగతి, శ్రేణి, కుటుంబము, ప్రజాతి, జాతి అని ఒక వరుస కలదు. చివరి రెండింటిని కలిపి ప్రాణికి రెండు మాటల పేరు పెట్టుదురు. ఈ పద్ధతిని పదునెనిమిదవ శతాబ్దమున స్వీడను దేశస్థుడైన కార్ల్ లిన్నేయస్ స్థిరపరచెను. తెలుగువారికి ఇది వింతగా తోచదు. మనము ఇంటిపేరును ముందును, వ్యక్తి పేరును తరువాతను వ్రాయుదుము. శాస్త్రనామమున ప్రజాతి ఇంటిపేరు. జాతి వ్యక్తి పేరు.

1899వ సంవత్సరమున లండనులోని బ్రిటిషు మ్యూజియమునందు పనిచేయుచుండిన రెజినాల్డ్ పోకాక్ అను శాస్త్రజ్ఞుడు గుత్తి పట్టణమున దొరికిన ఒక పెద్ద సాలీడును పరీక్షించెను. అది చెట్ల తొర్రలలో నివసించు పొయెకిలోథీరియా అను ప్రజాతికి చెందినది. ఈ ప్రజాతి సాలీళ్ళు భారతదేశమునందును సింహళమునందును మాత్రమే పుట్టుచున్నవి. వానిలో పెక్కింటికి బూడిద, నలుపు, తెలుపు వర్ణముల చారలుండుటచే, బెరడుమీద వ్రాలినప్పుడు చెట్టులో కలిసిపోయినట్లుండును. ఒక జాతిని మరియొక జాతినుండి గుర్తించుటకు కాళ్ళ అడుగుభాగమునందలి రంగులును పట్టీలును ముఖ్యమైన ఆధారములు. గుత్తిలో దొరికిన సాలీడు లోహమువలె మెరయు నీలివర్ణము గలది. అట్టిది అంతకుముందు వర్ణింపబడిన జాతులలో లేదు. అందుచే పోకాక్ దానిని కొత్త జాతిగా నిర్ణయించి 'మెటాలికా' అని పేరు పెట్టెను. లోహపు మెరుగు గలదని దాని భావము.

పేరు నిలిచినది, ప్రాణి మాత్రము మరల కనబడలేదు. దశాబ్దములు గడచినను రెండవది దొరకలేదు. గుత్తి రాతికొండల నడుమనున్న పొడినేల పట్టణము. పెద్ద చెట్ల తొర్రలలో బ్రదుకు ప్రాణికి అది తగిన చోటు కాదు. తుదకు 2001లో, అనగా 102 సంవత్సరములకు, నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న అడవిలో ఈ సాలీడు మరల కనబడినది. ఆ చోటు గుత్తికి ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరమున నున్నది.

ఆ దూరమును చిన్న సాలీడు ఎట్లు దాటినది? గుత్తి రైలు జంక్షను. నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమలను చీల్చుకొని రైలుమార్గము పోవుచున్నది. అడవినుండి పోవు కలపలో దాగి, ఆ సాలీడు రైలులో గుత్తికి చేరియుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పోకాక్ చూచిన సాలీడు గుత్తిలో దొరికిన మాట నిజమే. కాని దొరికిన చోటు వేరు, నివసించు చోటు వేరు. బాటసారిని సత్రములో చూచి, సత్రమే అతని స్వగ్రామమనుకొన్నట్లయినది.

ఈ సాలీడు గాలిలో చక్రమువంటి వల కట్టదు. చెట్టు తొర్రలో గరాటువంటి గూడు అల్లుకొని పగలంతయు అందుండును. రాత్రివేళ వెలువడి కీటకములను పట్టి తినును. పెరిగిన సాలీడు కాళ్ళు చాచినప్పుడు పదిహేను మొదలు ఇరువది సెంటీమీటర్ల వరకు ఉండును. ఆడది పండ్రెండేండ్ల వరకు బ్రదుకును. మగది మూడు నాలుగేండ్లు మాత్రమే బ్రదుకును. దాని నీలిరంగు వస్త్రమునకు అద్దిన నీలిమందువంటిది కాదు. వెండ్రుకలలోని అతిసూక్ష్మమైన నిర్మాణములపై కాంతి పడి నీలమై తిరిగి వచ్చును. నెమలి పింఛమునకు మెరుపు వచ్చు విధము కూడ ఇట్టిదే. దీని కాటు మిక్కిలి బాధ కలిగించును; కాని దానివలన మనుష్యులు మరణించిన దాఖలా లేదు. అలికిడి వినబడినచో పారిపోయి దాగుటయే దీని స్వభావము.

ఇల్లు తెలిసినది గనుక కథ ముగిసినదనుకొనరాదు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ఈ జాతిని మిక్కిలి ప్రమాదస్థితిలో నున్నవానిలో చేర్చినది. అప్పటికి దీని ఉనికి తెలిసిన ప్రదేశము నూరు చదరపు కిలోమీటర్లకంటె తక్కువ. అదియు వంటచెరకునకును కలపకును చెట్లు నరకబడిన అడవి. తొర్ర ఏర్పడుటకు చెట్టు ముసలిది కావలెను. అట్టి చెట్టును పడగొట్టి మారుగా పది మొక్కలు నాటినను, ఆ సాలీడునకు ఆ యేడు ఇల్లు దొరకదు.

దీని అందమే దీనికి మరియొక ఆపద. విదేశములలో దీనిని గాజుపెట్టెలలో పెంచుటకు వేడుకపడువారు కలరు. ప్రాణి చిరునామా తెలిసినచో రక్షింపదలచినవారికే కాక, పట్టి అమ్ముకొనదలచినవారికి కూడ దారి తెలియును. ఇట్టి వ్యాపారమును అదుపుచేయుటకై 2019లో ఈ ప్రజాతి సాలీళ్ళన్నింటిని అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒడంబడికలో చేర్చిరి. అయినను చిరునామా తెలియక పూర్వము కాపాడుట అసాధ్యమే. ఏ చెట్టు నిలుపవలెనో తెలియనివాడు దేనిని నిలుపగలడు?

ఈ ప్రాంతమున ఇట్టి కథ ఇది యొక్కటియే కాదు. కలివికోడి అను పక్షి 1900 తరువాత కనబడక, నశించినదని తలపబడి, 1986లో కడప జిల్లాలో మరల కనబడినది. కాన నల్లమల పరిసరములలోని బాలబాలికలు ఎరుగని ప్రాణిని చూచినచో రాయి తీయరాదు, చేతితో పట్టరాదు. ఎన్ని కాళ్ళున్నవో, ఏ చెట్టుపై నున్నదో, ఏ దినమున ఏ వేళ కనబడినదో చూచి, పుస్తకమున వ్రాసి ఉపాధ్యాయునకు చూపవలెను. శాస్త్రమునకు అదియే తొలిమెట్టు.

ఆళ్లగడ్డ శిల్పి చేతిలోని విగ్రహము పగిలినచో మరియొక రాతిని తెచ్చి మరల చెక్కగలడు. లక్షణములు అతనికి తెలిసియే యున్నవి. నల్లమల నీలి సాలీడు లక్షణములన్నియు నేడు గ్రంథములలో కలవు. కాని ఆ జాతి నశించినచో, వానిని బట్టి దానిని మరల చెక్కగల ఉలి ఎవరియొద్దను లేదు.