మందుగుండుకి ముసలితనం

డాలస్ నుంచి అట్లాంటా వైపు ఐ-20 మీద కారులో వెళ్ళినవాళ్ళు ష్రీవ్‌పోర్ట్ దాటాక మిండెన్ అనే ఊరి బోర్డు చూసే ఉంటారు. 2012 అక్టోబరులో ఒక రాత్రి, దగ్గర్లోని క్యాంప్ మిండెన్‌లో గిడ్డంగి ఒకటి పేలి ఊళ్ళో కిటికీ అద్దాలు పగిలాయి. అధికారులు వెళ్ళి చూస్తే ఫిరంగులకి వాడే ఎమ్-6 అనే మందు సుమారు కోటిన్నర పౌండ్లు ఉంది. అందులో కొంత ఆరుబయటే!

నిప్పు తగలకపోతే చాలదా అంటారేమో. చాలదండీ.

ఈ మందుకి మూలం దూది. దూదిని నత్రికామ్లంలో నానబెట్టి చేసే నైట్రోసెల్యులోజ్ ఇది. ఇందులో బంధాలు అంత గట్టివి కావు. మామూలు వేడికే మెల్లగా విడిపోతూ నత్రజని ఆక్సైడులు వదులుతాయి. అవి ఊరుకుంటాయా? తేమతో కలిసి ఆమ్లమై పక్కనున్న మందునీ విడగొడతాయి. ఆవకాయ జాడీలో ఓ మూల పట్టిన బూజు జాడీ అంతా పాకినట్టే. పైగా వేడి పుడుతుంది. పెద్ద గుట్టలో ఆ వేడి బయటికి పోలేకపోతే మందు దానంతట అదే అంటుకోవచ్చు. ఫ్రాన్సులో తూలోన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబర్తే అనే యుద్ధనౌకలు పేలి వందలమంది పోయారు. అనుమానం పాతబడిన మందు మీదకే పోయింది.

దీనికి విరుగుడుగా మందులో నూటికి ఒక పాలు డైఫినైల్ ఎమీన్ కలుపుతారు. అది మందు విడిపోవడాన్ని ఆపదు. వెలువడిన ఆక్సైడులని పట్టుకుని తనలో కలిపేసుకుంటుంది, అంతే. పట్టుకున్నకొద్దీ తనూ అరిగిపోతుంది. ఎండ ఎక్కువైతే ఇంకా త్వరగా. అందుకే సైన్యం వాళ్ళు ఏళ్ళ తరబడి నమూనాలు తీసి అదెంత మిగిలిందో కొలుస్తూ ఉంటారు. బాగా తగ్గితే ఆ మందుని ధ్వంసం చేయాల్సిందే.

“అయిపోతే మళ్ళీ కలపకూడదా నాన్నా?” అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ అది మందు పిండిగా ఉన్నప్పుడే కలవాలి. గింజ గట్టిపడ్డాక పైన చల్లితే లోపలికి ఎక్కదు.

మిండెన్‌లో భయం కూడా అదే. రోజులు గడిచేకొద్దీ ఆ మందులో విరుగుడు తరిగిపోతోంది. ముందు ఆరుబయట తగలబెడదామన్నారు. ఆ పొగ మా పిల్లలు పీల్చాలా అని ఊళ్ళోవాళ్ళు ఎదురుతిరిగారు. చివరికి మూసిన కొలిమి కట్టి, పొగని శుభ్రం చేస్తూ, 2016లో మొదలుపెట్టి 2017లో కాల్చడం పూర్తిచేశారు.