ఆర్థికశాఖ నుండి ఆచార్య పీఠమునకు

జూబిలీ హిల్సు, ఫిలింనగరు కుటుంబముల పిల్లలు బ్యాంకులలోను పెట్టుబడి సంస్థలలోను పెద్ద జీతములకు కుదురుట నేడు వింత కాదు. అట్టివారిలో నొకడు కొలువు మాని విదేశమున బడి పెట్టెదననినచో ఇంటిల్లిపాదియు నిర్ఘాంతపోవును. ఒక్క శుక్రవారముపై కోట్ల రూపాయలొడ్డు చిత్రనిర్మాతను సాహసియని మెచ్చుకొను పేటయే యిది! బడికై జీతమునొడ్డినవాడు మాత్రము వెర్రివాడు. ఈ తీర్పు న్యాయమేనా?

తమిళులైనను విశాఖపట్టణమున పెరిగిన చంద్రశేఖర వేంకట రామన్ గారి చరిత్రను ఇచ్చట స్మరింపవలెను. తండ్రిగారచ్చటి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. రామన్ గారు 1907లో, ఇరువదేండ్లయినను నిండకయే, కలకత్తాలో సహాయ అకౌంటెంటు జనరలైరి. పగలు సర్కారు లెక్కలు. కలకత్తాలో నున్నంతకాలము తెల్లవారుజామునను సాయంకాలమును బౌబజారు వీధిలోని విజ్ఞాన పరిషత్తులో ధ్వనిపై ప్రయోగములు. ఇట్లు పదియేండ్లు! 1917లో అశుతోష్ ముఖర్జీ గారి పిలుపుపై పాలిత్ ఆచార్య పదవికి వచ్చినపుడు జీతము దాదాపు సగమునకు దిగినది. ఆచార్యుడు విదేశమున శిక్షణ పొందియుండవలెనని దాత నియమము. రామన్ గారు పోననిరి. విశ్వవిద్యాలయమే నియమమును సడలించెను.

జీతము విడిచిన దినమును పొగడువారు ఆ పదియేండ్లను మరతురు. కొలువు మానెదనను కుమారుని జీతమెంత పోవునని అడుగుటకు ముందు, ఇన్నాళ్లు నీ సాయంకాలములేమైనవని తండ్రి యడుగుట మేలు. కొలువుపై విసుగొక్కటియే బడిని నిలుపజాలదు.

రామన్ గారు కలకత్తాలో బడి కట్టలేదు గాని, చుట్టు చేరిన శిష్యులతో అచ్చట నొక గురుకులమేర్పడినది. నష్టమును లెక్కించువారు దీనిని గూడ పద్దున వ్రాసికొనవలెను. కృష్ణా మండలమున ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతము గారు 1928లో కలకత్తా పోయి ఆ గురుకులమున చేరిరి. గురువుగారి కాంతి పరిశోధన ఫలించినదియు ఆ యేడే. 1930లో నోబెల్ బహుమానము దానికే లభించినది. భగవంతము గారు వాల్తేరునకు వచ్చి, గురువుగారు బాల్యము గడపిన యూరనే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మన బిడ్డలకు భౌతికశాస్త్రము బోధించిరి. పిదప ఉస్మానియాకు ఉపాధ్యక్షులైరి. 1957లో ఆయన అధిష్ఠించిన బెంగుళూరు విజ్ఞానసంస్థ నిర్దేశక పీఠము, 1933లో గురువుగారు అధిష్ఠించినదే.